నీళ్లను నమ్మాలా, కిట్‌ను నమ్మాలా?

మా నాన్నకు ఆదివారం సాయంత్రం ఆరు గంటలంటే నీళ్ల పరీక్ష. ఇంటికి చుట్టాలు వచ్చినా, టీవీలో క్రికెట్ నడుస్తున్నా, ఆరు కాగానే లేచి హాల్లో ఉన్న ట్యాంక్ దగ్గరకు వెళ్లేవారు. సిరంజితో కొంచెం నీళ్లు తీసేవారు. చిన్న గాజు సీసాలో పోసి, అందులో రసాయనం చుక్క చుక్కగా వేసేవారు. రంగు మారగానే ఒక సంఖ్య రాసుకునేవారు. ఆ నోటు పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. నీలం అట్ట. ఉప్పునీళ్లు తగిలి అంచులు ఉబ్బిపోయాయి. తొమ్మిదేళ్ల ఆదివారాలు అందులో ఉన్నాయి.

మేము డర్బన్‌లో, చాట్స్‌వర్త్‌లో ఉంటాం. మాది రీఫ్ ట్యాంక్. అంటే మామూలు చేపల తొట్టి కాదు. అందులో ఉప్పునీళ్లు, బతికున్న పగడాలు ఉంటాయి. పగడం అనగానే మనకు అవ్వల మెడలోని ఎర్ర పూసలు గుర్తొస్తాయి. కానీ సముద్రంలో పగడం ఒక జీవి. వేల చిన్న ప్రాణులు పక్కపక్కనే ఉండి, సున్నపురాయిలాంటి గట్టి గూడు కట్టుకుంటాయి. మన క్వాజులు-నాటల్ ఉత్తర తీరంలో సోడ్వానా బే దగ్గర అలాంటి పగడపు దిబ్బలు ఉన్నాయి. ఆఫ్రికా ఖండంలో బాగా దక్షిణాన ఉన్న పగడపు దిబ్బలు అవే.

సముద్రం చాలా పెద్దది. దాని నీళ్లు ఒక్క రోజులో మారిపోవు. మా ట్యాంక్‌లో ఉన్నది 300 లీటర్లే. పగడాలు రోజూ గూడు కట్టుకుంటూ నీళ్లలోని పదార్థాలను తీసుకుంటాయి. మనం వాటిని తిరిగి కలపాలి. ఎంత కలపాలో తెలియాలంటే కొలవాలి. ఆ కొలత తప్పయితే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చేసిన తప్పు

నాన్న జబ్బుపడి మంచం పట్టాక ట్యాంక్ పని నేనూ తమ్ముడూ చూసుకున్నాం. మేత వేసేవాళ్లం, నీళ్లు మార్చేవాళ్లం. పరీక్షలు మాత్రం చేయలేదు. నోటు పుస్తకంలో దాదాపు ఏడాది ఖాళీగా ఉంది. నాన్న పోయాక, దినాలన్నీ అయ్యాక, ఒక ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు నేను ఆయన కిట్ తీశాను. మొదట ఆల్కలినిటీ కొలిచాను.

ఆల్కలినిటీని తెలుగులో క్షారత అంటారు. పగడం గూడు కట్టడానికి కావలసిన కార్బొనేటు నీళ్లలో ఎంత ఉందో దీని వల్ల తెలుస్తుంది. దీన్ని ‘డీకేహెచ్’ అనే కొలతలో చెబుతారు. సముద్రంలో ఇది సుమారు 7. ఇళ్లలో ట్యాంకులు ఉన్నవాళ్లు 7 నుంచి 11 లోపు ఒక సంఖ్యను ఎంచుకుని, అక్కడే నిలబెడతారు. నాన్న పుస్తకంలో ప్రతి వారం 8.2, 8.4, 8.5, మళ్లీ 8.4. తొమ్మిదేళ్లూ అంతే.

నాకు వచ్చింది 6.2.

కంగారు పడ్డాను. నాన్న ఇంత కాలం కాపాడిన ట్యాంక్ నా చేతిలో పాడైపోతోందని అనుకున్నాను. వెంటనే లెక్క వేసి 20 గ్రాముల వంట సోడా నీళ్లలో కలిపి ట్యాంక్‌లో పోశాను. మర్నాడు మళ్లీ కొలిచాను. 7.7 వచ్చింది. ఇంకా తక్కువే. ఇంకో 10 గ్రాములు పోశాను.

నాలుగో రోజుకు కొమ్ముల పగడం చివర్లు తెల్లబడ్డాయి. దాన్ని నాన్న చిటికెన వేలంత ముక్కగా తెచ్చారు. తొమ్మిదేళ్లలో అది రెండు చేతులు చాపినంత వెడల్పు పెరిగింది. వారం తిరిగేలోగా సగం చచ్చిపోయింది.

ఫీనిక్స్‌లో ఉండే మామయ్యకు ఫోన్ చేశాను. ఆయనకూ రీఫ్ ట్యాంక్ ఉంది. నాన్నకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. తన కిట్ పట్టుకుని వచ్చి కొలిచారు. 11.5 వచ్చింది.

“నీళ్లు తగ్గాయని నీకెవరు చెప్పారమ్మా?” అని అడిగారు.

“కిట్ చెప్పింది మామయ్యా.”

“మరి కిట్ నిజం చెబుతోందని ఎవరు చెప్పారు?”

నా దగ్గర జవాబు లేదు.

సీసాలో ఏం జరిగింది?

ఆల్కలినిటీ కిట్‌లో ముఖ్యమైనది ఆమ్లం. కొలిచిన నీళ్లలో ముందు రంగు చుక్కలు వేస్తాం. తరువాత సిరంజితో ఆమ్లం కొద్దికొద్దిగా వేస్తాం. మా కిట్‌లో నీలి ఆకుపచ్చ రంగు పోయి నారింజ గులాబీ రంగు వస్తుంది. రంగు మారడానికి ఎంత ఆమ్లం పట్టిందో చూసి ఆల్కలినిటీ లెక్కిస్తాం. ఆమ్లం ఎక్కువ పడితే ఆల్కలినిటీ ఎక్కువ. తక్కువ పడితే తక్కువ.

నాన్న ఆమ్లం సీసా మూత సరిగా బిగించి లేదు. ఏడాది పాటు డర్బన్ వేడికి అందులోని నీరు కొంత ఆవిరైపోయింది. మిగిలిన ఆమ్లం ఘాటెక్కింది. ఘాటైన ఆమ్లం కొంచెం పడినా రంగు మారిపోతుంది. అందుకే కిట్ తక్కువ చూపించింది. మామయ్య వెనక్కి లెక్క వేశారు. నేను మొదటిసారి కొలిచిన రోజు నీళ్లలో నిజంగా ఉన్నది సుమారు 8.4. అంటే ట్యాంక్‌కు ఏమీ కాలేదు. ఏమైనా అయిందంటే నేను సోడా పోశాకే అయింది.

రెండు మాటలు: ఖచ్చితం, నిలకడ

మా అవ్వ బియ్యాన్ని ఒక పాత పాల డబ్బాతో కొలిచేది. ఆ డబ్బాకు ఒక పక్క సొట్ట పడింది. కొలిస్తే నిజానికి ఒక కప్పు పట్టదు. అయినా అవ్వ అన్నం ఒక్కరోజూ చెడలేదు. ఎందుకంటే నీళ్లు కూడా అదే డబ్బాతో పోసేది. ఒకసారి మా పిన్ని బియ్యం ఆ డబ్బాతో కొలిచి, నీళ్లు కొత్త కప్పుతో పోసింది. ఆ రోజు మేమంతా ముద్ద అన్నం తిన్నాం.

ఖచ్చితం అంటే నిజానికి సరిగ్గా దగ్గరగా ఉండటం. నిలకడ అంటే ఎన్నిసార్లు కొలిచినా ఒకేలా రావడం. ఈ రెండూ ఒకటి కాదు. అవ్వ డబ్బాకు నిలకడ ఉంది, ఖచ్చితం లేదు. నాన్న పాత సీసా కూడా అంతే. తరువాత చూస్తే అది ప్రతిసారీ దాదాపు నాలుగో వంతు తక్కువ చూపిస్తోంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కాదు. ఎప్పుడూ అదే తప్పు.

మన ట్యాంక్‌లో ఈ వారానికీ పోయిన వారానికీ ఏం మారిందో తెలుసుకోవాలంటే నిలకడ చాలు. ఒకే కిట్, ఒకే చెయ్యి, ఒకే వేళ. పుస్తకంలో చదివిన సంఖ్యతోనో, స్నేహితుడి సంఖ్యతోనో పోల్చాలంటే మాత్రం ఖచ్చితం కావాలి. నేను పాత సీసా సంఖ్యను పట్టుకుని, అది బాగున్న రోజుల్లో నాన్న రాసిన సంఖ్యతో పోల్చాను. అంటే బియ్యం ఒక డబ్బాతో, నీళ్లు ఇంకో కప్పుతో కొలిచాను.

కిట్‌కే పరీక్ష పెట్టండి

మామయ్య నాకు నేర్పిన మొదటి పని ఇది. కావలసినవి వంటింట్లో దొరుకుతాయి. మనం బైకార్బ్ అని పిలిచే వంట సోడా, డిస్టిల్డ్ వాటర్, గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం. బేకింగ్ పౌడర్ పనికిరాదు. అందులో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి.

3 గ్రాముల వంట సోడాను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మొత్తం సరిగ్గా 1 లీటరు చేయండి. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసుకుని, మళ్లీ డిస్టిల్డ్ వాటర్ కలిపి 1 లీటరు చేయండి. ఈ రెండో నీళ్ల ఆల్కలినిటీ 10 డీకేహెచ్. అది మనకు ముందే తెలిసిన సంఖ్య.

ఇప్పుడు ఈ నీళ్లను మీ కిట్‌తో కొలవండి. 9.7 నుంచి 10.3 మధ్య వస్తే కిట్ బాగానే ఉంది. 9 కంటే తక్కువ, 11 కంటే ఎక్కువ వస్తే మళ్లీ ఒకసారి చేయండి. మళ్లీ అలాగే వస్తే ఆ సీసా పక్కన పెట్టండి. నాన్న పాత కిట్‌తో నేను ఈ నీళ్లను కొలిస్తే 7.4 వచ్చింది. పది నిమిషాల పని. సోడా పోసే ముందు ఇది చేసి ఉంటే ఆ పగడం ఇప్పటికీ ఉండేది.

కొత్త కిట్ కొన్నప్పుడు కూడా ఇలా చూడండి. పాత కిట్ అయిపోకముందే కొత్తది కొని, ఒకే రోజు ఒకే నీళ్లను రెండింటితో కొలవండి. తేడా ఎంతో పుస్తకంలో రాయండి. లేకపోతే కిట్ మారిన రోజు నీళ్లే మారాయని అనుకుంటారు.

ముందు ఉప్పు సంగతి

ఏ పరీక్షకైనా ముందు ఉప్పు చూడాలి. సముద్రపు నీళ్లలో వెయ్యి పాళ్లకు 35 పాళ్లు ఉప్పు. ఉప్పు తగ్గితే దానితో పాటు మిగతావన్నీ తగ్గుతాయి. ఉదాహరణకు ఉప్పు 35 ఉన్నప్పుడు కాల్షియం 420 పీపీఎమ్ అనుకుందాం. అదే నీళ్లలో ఉప్పు 32కు పడితే కాల్షియం 384 అవుతుంది. అప్పుడు కాల్షియం పొడి పోయడం సరైన మందు కాదు. ఉప్పు సరిచేస్తే కాల్షియం దానంతట అదే సర్దుకుంటుంది.

నాన్న మొదట్లో సముద్రం నుంచే నీళ్లు తెచ్చేవారు. పెద్ద వాన పడ్డాక నదుల మంచినీళ్లు తీరం దగ్గర కలుస్తాయని, ఆ వారం నీళ్లు తెచ్చేవారు కాదు. 2022 ఏప్రిల్ వరదల తరువాత మురుగు కలిసి డర్బన్ బీచులు మూతపడ్డాయి. అప్పటి నుంచి మేము ఆర్‌ఓ నీళ్లలో రీఫ్ ఉప్పు కలుపుకుంటున్నాం. దాంతో ఉప్పు కొలవడం ఇంకా ముఖ్యమైంది.

ఉప్పు కొలవడానికి చాలామంది రిఫ్రాక్టోమీటర్ వాడతారు. గాజు మీద రెండు చుక్కలు వేసి, వెలుతురు వైపు పెట్టి కన్నుతో చూసే పరికరం అది. దాన్ని మంచినీళ్లతో సున్నాకు సరిచేసి వదిలేస్తే చాలదు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నా, 35 దగ్గర తప్పు చూపించవచ్చు. మనం కొలిచేది 35 దగ్గర కాబట్టి అక్కడే సరిచూడాలి. దుకాణంలో 35 ప్రామాణిక ద్రవం దొరుకుతుంది. ఇంట్లోనూ చేసుకోవచ్చు. 36.5 గ్రాముల శుభ్రమైన ఉప్పును 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. రిఫ్రాక్టోమీటర్‌కు ఈ నీళ్లు 35 ఉప్పున్న సముద్రపు నీళ్లలాగే కనిపిస్తాయి. నీళ్లను తూకం వేసే తీసుకోండి, కప్పుతో కాదు.

చేతిలో జరిగే చిన్న తప్పులు

కిట్ మంచిదే అయినా చేతి వల్ల కొలత మారుతుంది. మామయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రమంతా నా చేతులు చూశారు. ఆయన పట్టుకున్న తప్పులు ఇవి.

గాజు సీసాలో పోయినసారి కడిగిన నీళ్లు నాలుగు చుక్కలు మిగిలాయి. పరీక్షకు తీసేది 4 మిల్లీలీటర్లే కాబట్టి ఆ నాలుగు చుక్కలూ లెక్కలోకి వస్తాయి. అందుకే ముందు ట్యాంక్ నీళ్లతోనే రెండుసార్లు తొలిచి పారబోయాలి.

సిరంజిని ఒకసారి రబ్బరు పై అంచు దగ్గర, ఒకసారి కింది అంచు దగ్గర చదివాను. కిట్‌తో వచ్చిన కాగితం ఏ అంచు చెబితే అదే అంచు, ప్రతిసారీ.

చుక్కల సీసాను వంచి పట్టుకున్నాను. వంచితే చుక్క పరిమాణం మారుతుంది. నిలువుగా పట్టుకోవాలి.

రంగు కొంచెం మారగానే ఆపేశాను. సీసా ఊపాక రంగు మళ్లీ వెనక్కి వెళ్లింది. ఊపినా నిలిచే రంగే చివరి రంగు. దాన్ని పసుపు బల్బు కింద కాకుండా, పగటి వెలుతురులో తెల్ల కాగితం ముందు పెట్టి చూడాలి.

ఇక వేళ. ట్యాంక్ దీపాలు వెలిగే ముందు, పొద్దున్నే, నీళ్ల పీహెచ్ తక్కువగా ఉంటుంది. సాయంత్రానికి పెరుగుతుంది. సోడా కలిపిన వెంటనే కొలిస్తే ఆల్కలినిటీ ఎక్కువగా కనిపిస్తుంది. లోడ్ షెడ్డింగ్ రోజుల్లో గంటల తరబడి పంపులు ఆగితే పీహెచ్ పడిపోయేది. అప్పుడు కొలిచిన పీహెచ్ సంఖ్యను మిగతా రోజులతో పోల్చలేం. నాన్న ఆరు గంటలకే ఎందుకు లేచేవారో నాకు అప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు అది ఆయన మొండితనం అనుకునేదాన్ని.

మీటర్ కూడా మనిషి చేసిందే

“రంగులు చూసే పాట్లు ఎందుకు, డిజిటల్ మీటర్ కొనచ్చుగా?” అని తమ్ముడు అన్నాడు. కొన్నాం. మంచిదే. కానీ తెరమీద సంఖ్య కనిపించినంత మాత్రాన అది ఖచ్చితం కాదు.

హానా కంపెనీ ఆల్కలినిటీ చిన్న మీటరునే తీసుకోండి. దాని కాగితం మీదే రాసి ఉంటుంది: 0.3 డీకేహెచ్, దానికి తోడు రీడింగ్‌లో 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని. అంటే 8.4 చూపిస్తే నిజం 7.7 కావచ్చు, 9.1 కావచ్చు. నిన్న 8.4, ఇవాళ 8.1 వస్తే నీళ్లు తగ్గాయని చెప్పలేం.

ఫాస్ఫేట్ ఇంకా సున్నితం. చాలామంది దాన్ని 0.03 నుంచి 0.1 పీపీఎమ్ మధ్య ఉంచుతారు. అంత చిన్న సంఖ్య దగ్గర మీటర్ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా, లోపల గాలి బుడగ ఉన్నా సంఖ్య పెరుగుతుంది. కొలిచే ముందు గాజును మెత్తటి బట్టతో తుడవాలి. ప్రతిసారీ ఒకే వైపు మీటర్‌లో పెట్టాలి.

ల్యాబ్‌కు నీళ్లు పంపే ఐసీపీ పరీక్ష కూడా ఉంది. అది ఎన్నో మూలకాలను ఒకేసారి కొలుస్తుంది. కానీ ఆల్కలినిటీని ఐసీపీ యంత్రం కొలవలేదు. దానికి వేరే పరీక్ష కావాలి. పైగా ఫలితం వచ్చేసరికి మన నీళ్లు మారిపోయి ఉంటాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మన కిట్లను సరిచూసుకోవడానికి అది మంచిది. వారం వారం పరీక్షకు బదులు కాదు.

ఎన్నిసార్లు కొలవాలి అంటారా? పగడాలు గూడు కట్టేటప్పుడు ఆల్కలినిటీ 1 డీకేహెచ్ తగ్గితే కాల్షియం సుమారు 7 పీపీఎమ్ మాత్రమే తగ్గుతుంది. 420లో 7 అంటే చాలా కిట్లకు కనిపించదు. కాబట్టి మార్పు ముందుగా తెలిసేది ఆల్కలినిటీలోనే. దాన్ని వారానికి ఒకటి రెండుసార్లు చూడండి. కాల్షియం, మెగ్నీషియం నెలకోసారి చూసినా సరిపోతుంది.

ఒక్క సంఖ్యను చూసి పరుగెత్తకండి

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది. వింత సంఖ్య వస్తే ఆ రోజు ట్యాంక్‌లో ఏమీ పోయం. ముందు అదే నీళ్లను మళ్లీ కొలుస్తాం. మళ్లీ అదే వస్తే వంట సోడా నీళ్లతో కిట్‌ను చూస్తాం. కిట్ బాగుంటే ఉప్పు చూస్తాం. ఇవన్నీ అయ్యాక కూడా ఆల్కలినిటీ తక్కువే అని తేలితే, అప్పుడు సరిచేస్తాం. అది కూడా రోజుకు 1 డీకేహెచ్ మించకుండా, నెమ్మదిగా. పగడం కొంచెం తక్కువ ఆల్కలినిటీని కొన్ని రోజులు తట్టుకుంటుంది. ఒక్కసారిగా వచ్చే మార్పును తట్టుకోలేదు.

ఇంకో మాట. కిట్ కన్నా ముందు పగడాలను చూడండి. నేను 6.2 చూసిన రోజు కొమ్ముల పగడం చివర్లు లేత రంగులో, పెరుగుతూ ఉన్నాయి. నా కళ్లు బాగుందని చెబుతుంటే నేను సీసానే నమ్మాను.

చచ్చిపోగా మిగిలిన కొమ్మలను మామయ్యా నేనూ కత్తిరించి, రాళ్లకు జిగురుతో అతికించాం. ఆరు ముక్కల్లో రెండు బతికాయి. అప్పుడు మామయ్య ఇంకో సంగతి చెప్పారు. ఐదేళ్ల కిందట నాన్న ఇదే పగడం ముక్క ఒకటి ఆయనకు ఇచ్చారట. అది ఫీనిక్స్‌లో బాగా పెరిగింది. దాంట్లోంచి అరచేతి అంత కొమ్మ విరిచి, ఉప్పునీళ్ల డబ్బాలో పెట్టి మాకు తెచ్చారు. రీఫ్ ట్యాంకులవాళ్లలో ఇది పాత అలవాటు. నీకు ఇష్టమైన పగడం ఎవరికైనా ఇచ్చి ఉంచితే, నీ దగ్గర పోయినా వాళ్ల దగ్గర ఉంటుంది.

నోటు పుస్తకంలో ఆ ఏడాది ఖాళీని నేను అలాగే వదిలేశాను. దాని కింద నా తప్పు సంఖ్యలు కూడా ఉన్నాయి: 6.2, 7.7. వాటి పక్కన ‘సీసా తప్పు’ అని ఎర్ర సిరాతో రాశాను. తరువాతి వరస నుంచి కొత్త కిట్, కొత్త చెయ్యి. అందుకే ప్రతి సంఖ్య పక్కన ఏ కిట్టో, ఎవరు కొలిచారో కూడా రాస్తున్నాం. తమ్ముడు కొలిస్తే నాకన్నా 0.2 ఎక్కువ వస్తుంది. అది కూడా రాసుకున్నాం.

మీ ఇంట్లో రీఫ్ ట్యాంక్ ఉంటే ఈ వారం ఒక పని చేయండి. నీళ్లను కాదు, ముందు మీ కిట్‌ను కొలవండి. 10 రావలసిన చోట ఎంత వచ్చిందో తేదీతో సహా రాసి పెట్టుకోండి. సీసా మూత బిగించడం మరిచిపోకండి.